దూరవిమాన పందెములు – అవి నేర్పిన పాఠములు

పరుగుపందెములో గెలుపును నిర్ణయించునది కాళ్ళ బలము. పడవపందెములో తెడ్డు వేయువారి చేతుల బలము. అట్లే విమానపందెములో గెలుపునకు ఇంజను బలమే కారణమని ఎవరైనను అనుకొందురు. ఒక మైదానము చుట్టు తిరిగివచ్చు చిన్న పందెముల విషయములో ఇది చాలవరకు నిజమే. కాని ఒక నగరము నుండి మరియొక నగరమునకు, ఒక ఖండము నుండి మరియొక ఖండమునకు జరిగిన పందెముల చరిత్రను పరిశీలించినచో వేరొక సంగతి బోధపడును. 1910 మొదలు 1934 వరకు జరిగిన ఇట్టి పందెములలో గెలుపోటములు పెక్కుసార్లు నేలమీదనే తేలిపోయినవి. దిగుటకు చదునైన చోటు, ఇంజనుకు తగిన పెట్రోలు, చీకటిలో దారి చూపు దీపము, చేతిలో మంచి పటము – ఇవి సమకూడినవాడు గెలిచెను. సమకూడనివాడు ఓడెను, కొన్ని వేళల ప్రాణమునే పోగొట్టుకొనెను. నేటి విమానయానమునకు ఆధారమైన ఏర్పాట్లు ఎట్లు పుట్టినవో తెలిసికొనుటకు ఈ పందెముల కథ చక్కగా తోడ్పడును.

లండను నుండి మాంచెస్టరునకు

1906లో లండనులోని 'డెయిలీ మెయిల్' పత్రిక ఒక ప్రకటన చేసెను. లండను నుండి మాంచెస్టరునకు 24 గంటలలో, దారిలో రెండుసార్లకు మించి దిగకుండ, విమానముపై పోయినవారికి 10,000 పౌనుల బహుమానము! ఈ రెండు నగరముల మధ్య దూరము సుమారు 185 మైళ్ళు, అనగా దాదాపు 300 కిలోమీటర్లు. ఆ సంవత్సరము నవంబరులో పారిస్ నగరమున శాంటోస్ డ్యూమాంట్ ఎగిరిన దూరము కేవలము 220 మీటర్లు. కనుక ఈ ప్రకటన చాలమందికి నవ్వు తెప్పించెను. 'పంచ్' అను హాస్యపత్రిక అంగారక గ్రహయాత్రకు తామును 10,000 పౌనులు ఇత్తుమని ఎగతాళి చేసెను.

ఆ నవ్వు నాలుగేండ్లు కూడ నిలువలేదు. 1910 ఏప్రిలులో ఇద్దరు వైమానికులు ఈ బహుమానమునకు పోటీపడిరి. ఒకడు ఆంగ్లేయుడగు క్లాడ్ గ్రేహామ్ వైట్, రెండవవాడు ఫ్రెంచివాడగు లూయీ పాలాన్. ఇద్దరివియు ఫార్మన్ జంటరెక్కల విమానములే. ఇద్దరి ఇంజనులును 50 అశ్వశక్తిగల నోమ్ ఇంజనులే. ఈ ఇంజను నిర్మాణము విచిత్రమైనది. సాధారణముగా ఇంజనులో సిలిండర్లు కదలక నిలిచియుండగా మధ్యనున్న ఇరుసు తిరుగును. నోమ్ ఇంజనులో ఇరుసు కదలదు; దానిచుట్టు ఏడు సిలిండర్లును, వానితోపాటు ప్రొపెల్లరును గిరగిర తిరుగును. ఆ తిరుగుడులో తగులు గాలియే సిలిండర్లను చల్లబరచుటచే నీటి తొట్టి బరువు తప్పెను. కందెనగా ఇందులో వాడినది మనకు చిరపరిచితమైన ఆముదము! పెట్రోలులో సులభముగ కరిగిపోని నూనె కావుననే దానిని ఎన్నుకొనిరి.

ఇంజనులు సమానమైనపుడు గెలుపు దేనిపై ఆధారపడినది? ఏప్రిలు 23వ తేదీన గ్రేహామ్ వైట్ మొదటి ప్రయత్నము చేసి సగము దారి దాటి లిచ్‌ఫీల్డు వద్ద దిగెను. నేలపై నిలిపియున్న విమానమును పెనుగాలి తలక్రిందులు చేసెను. దానిని బాగుచేసికొనుచుండగనే 27వ తేదీ సాయంత్రము పాలాన్ లండను నుండి లేచెను. రైలుమార్గమే అతనికి పటము. అతని భార్యతోను స్నేహితులతోను ఒక ప్రత్యేకపు రైలు ఆ మార్గమున ముందు సాగుచుండగా అతడు దానిని అనుసరించి పోయెను. చీకటి పడునప్పటికి లిచ్‌ఫీల్డు చేరి విశ్రమించెను. వెనుకబడిన గ్రేహామ్ వైట్ సాహసించి తెల్లవారుజామున 3 గంటలు కాకముందే, చీకటిలోనే లేచెను. మోటారుకార్ల ముందుదీపముల వెలుగే అతనికి దారి చూపెను. ఇంగ్లండులో అదియే మొదటి రాత్రి విమానయానము. కాని ఎదురుగాలి అతనిని మరల నేలకు దింపెను. 28వ తేదీ ఉదయము 5½ గంటలకు పాలాన్ మాంచెస్టరు శివారున దిగెను. బయలుదేరినది మొదలు పట్టిన కాలము సుమారు 12 గంటలు.

రైలు ఆ దూరమును నాలుగు గంటలలోపే పోవుచుండెను. విమానము రైలుకన్న వెనుకబడుటకు కారణము దాని వేగలోపము కాదు. చీకటి పడినంతనే నేలకు దిగి కూర్చుండవలసి వచ్చుటయే అసలు కారణము.

పటము చదువగలవాడు

1911వ సంవత్సరము పందెముల సంవత్సరము. మే నెలలో పారిస్ నుండి మాడ్రిడునకు పందెము జరిగెను. విమానములు లేచు మైదానములో చూడవచ్చిన వారికిని విమానములకును మధ్య తగిన అడ్డు లేకపోయెను. ఇంజను చెడి దిగుచున్న ఒక విమానము మంత్రుల బృందముపై పడెను. ఫ్రెంచి యుద్ధమంత్రి మోరిస్ బెర్తో మరణించెను. ప్రధానమంత్రి తీవ్రముగ గాయపడెను. జూన్ నెలలో ఐరోపా ప్రదక్షిణ పందెము ఆరంభమైన నాడే ముగ్గురు వైమానికులు ప్రాణములు కోల్పోయిరి. జనసమూహమునకు దూరముగ, కంచెవేసి, ప్రత్యేకముగ విమానాశ్రయమనునది ఉండవలెనను సంగతిని ఇట్టి దుర్ఘటనలే లోకమునకు తెలిపినవి.

అదే సంవత్సరము జూలైలో 'డెయిలీ మెయిల్' వారు బ్రిటను ప్రదక్షిణమునకు మరల 10,000 పౌనులు ప్రకటించిరి. మార్గము 1,010 మైళ్ళు. గెలిచినవాడు 'బోమాంట్' అను మారుపేరుతో పాల్గొనిన ఫ్రెంచి నౌకాదళ అధికారి జాన్ కానో. అతనికి గట్టిపోటీ ఇచ్చిన వెడ్రీన్ యంత్రకారుడుగా జీవితమును ఆరంభించినవాడు, సాహసములో ఎవరికిని తీసిపోనివాడు. కాని బోమాంటునకు నౌకాశాస్త్రము తెలియును. దిక్సూచిని, పటమును, గడియారమును కలిపి వాడుట అతనికి వెన్నతో పెట్టిన విద్య. గాలి ప్రక్కకు నెట్టుచున్నపుడు విమానపు ముక్కును ఎంత పక్కకు త్రిప్పి నడుపవలెనో అతడు లెక్కవేయగలడు. ధైర్యముకన్న లెక్క గొప్పదని ఆ పందెము చాటినది.

ఇరువదియెనిమిది దినముల యాత్ర

మొదటి ప్రపంచయుద్ధము ముగియునప్పటికి విమానములు బలపడినవి. 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు 30 దినములలోపుగా విమానముపై వచ్చిన ఆస్ట్రేలియా దేశీయులకు 10,000 పౌనులు ప్రకటించెను. నవంబరు 12వ తేదీన రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు బెన్నెట్, షియర్స్ అను ఇద్దరు మెకానిక్కులతో కూడ వికర్స్ విమీ విమానముపై లండను సమీపమునుండి లేచిరి. కరాచి, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తా, రంగూను, బాంగ్‌కాక్, సింగపూరు మీదుగ డిసెంబరు 10వ తేదీన ఆస్ట్రేలియా ఉత్తర తీరమునగల డార్విను చేరిరి. పట్టినకాలము 27 దినముల 20 గంటలు.

ఇందులో ఒక లెక్క గమనింపదగియున్నది. వారు నిజముగా ఆకాశములో గడిపినది సుమారు 136 గంటలు. మొత్తము కాలము 668 గంటలు. అనగా విమానము గాలిలో నున్నది ఐదింట ఒక వంతు మాత్రమే; తక్కిన నాలుగు వంతులును నేలమీదనే గడచినవి! ఎగురునపుడు దాని సగటు వేగము గంటకు 80 మైళ్ళు. మొత్తము కాలముతో దూరమును భాగించినచో వచ్చునది గంటకు 17 మైళ్ళు. అది సైకిలు వేగముగ తొక్కువాని నడకతో సమానము.

నేలమీద ఏమి జరిగినది? ఒక్క ఉదాహరణము చాలును. జావా ద్వీపములో సురబాయ వద్ద దిగినపుడు విమానపు చక్రములు మెత్తని బురదలో కూరుకొనిపోయినవి. లేచుటకు గట్టినేల లేదు. అపుడు అచటి గ్రామస్థులు తమ యిండ్ల వెదురు తడికలను తెచ్చి వరుసగా నేలపై పరచిరి. ఆ తడికల బాటపై పరుగెత్తి విమానము పైకి లేచెను. ఖండాంతర విమానయానపు తొలి రన్‌వేలలో వెదురు తడికల రన్‌వే యొకటి యని చెప్పవచ్చును.

అందరకును ఇట్టి అదృష్టము పట్టలేదు. డగ్లస్, రాస్ అను ఇద్దరు లేచిన కొలది నిమిషములకే లండను వద్ద కూలి మరణించిరి. హవెల్, ఫ్రేజర్ అను ఇద్దరు గ్రీసు దేశపు కార్ఫూ ద్వీపము వద్ద సముద్రములో పడి చనిపోయిరి. పారర్, మాకింటాష్ అనువారు ఒకే ఇంజనుగల పాత విమానముపై, దారిపొడుగున మరమ్మతులు చేసికొనుచు, 206 దినములకు డార్విను చేరిరి. బహుమానము దక్కకపోయినను ఒంటి ఇంజనుతో ఆ దూరమును దాటినవారిలో వారే ప్రథములు.

అనాసపండ్ల వ్యాపారి బహుమానము

బహుమానము సాహసమును ప్రేరేపించును. కాని సిద్ధము కానివారిని సముద్రముమీదికి తరుముటయు బహుమానమే. దీనికి 1927 ఆగస్టులో జరిగిన హవాయి పందెము తిరుగులేని నిదర్శనము. లిండ్‌బర్గు ఒంటరిగా అట్లాంటికు మహాసముద్రమును దాటిన దినములవి. హవాయిలో అనాసపండ్ల వ్యాపారియగు జేమ్స్ డోల్, అమెరికా తీరమునందలి ఓక్‌లండు నుండి హవాయికి మొదట చేరినవారికి 25,000 డాలర్లు, రెండవవారికి 10,000 డాలర్లు ప్రకటించెను.

మార్గము సుమారు 2,400 మైళ్ళ సముద్రము. దారిలో దిగుటకు ద్వీపమనునది లేదు. దిక్కులో ఒక్క డిగ్రీ పొరపాటు జరిగినచో గమ్యము వద్ద 42 మైళ్ళ దూరము తప్పును; మూడు డిగ్రీలకు 125 మైళ్ళు. పందెమునకు ముందు జరిగిన ప్రమాదములలోనే ముగ్గురు మరణించిరి. ఆగస్టు 16వ తేదీన బయలుదేరిన వారిలో గమ్యము చేరినవి రెండే విమానములు. రెండు విమానములు ఐదుగురితో అదృశ్యమైనవి. వారిని వెదకబోయిన మరియొక విమానము ఇద్దరితో సముద్రము పాలైనది. మొత్తము పదిమంది ప్రాణములు పోయినవి.

గెలిచిన విమానము పేరు 'వూలరాక్'. ఆర్ట్ గోబెల్ నడుపగా డేవిస్ దారి లెక్కలు చూచెను. ఆ విమానమునందు రేడియో ఉండుటచే తీరమునుండి వచ్చు సంకేతములను విని వారు తమ మార్గమును సరిచూచుకొనగలిగిరి. సముద్రముపై పటములో గుర్తులుండవు. నేలనుండి వచ్చు రేడియో తరంగమే ఆ లోటును తీర్చినది.

ఇద్దరు భారతీయులు

మన దేశమునకును ఈ చరిత్రలో ఒక ముచ్చటైన ఘట్టమున్నది. ఇంగ్లండుకును భారతదేశమునకును మధ్య ఒంటరిగా విమానయానము చేసిన మొదటి భారతీయునకు ఆగాఖాన్ 500 పౌనుల బహుమానము ప్రకటించెను. 1930 మే నెలలో జె. ఆర్. డి. టాటా కరాచి నుండి ఇంగ్లండునకు బయలుదేరెను. ఇంగ్లండు నుండి కరాచికి ఎదురుగ వచ్చుచున్నవాడు ఆస్పీ ఇంజనీర్ అను యువకుడు. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఇరువురును కలిసికొనిరి. ఇంజనులో పెట్రోలు ఆవిరిని మండించు స్పార్కుప్లగ్గులు చెడిపోయి ఆస్పీ అచట చిక్కుపడియుండెను. పోటీదారుడని చూడక టాటా తనవద్ద అదనముగా నున్న ప్లగ్గులను అతనికి ఇచ్చెను. ఆస్పీ కరాచి చేరి బహుమానమును గెలిచెను. ఒక చిన్న పరికరము దొరకుటయో దొరకకపోవుటయో వేల మైళ్ళ పందెమును నిర్ణయించును గదా! ఆస్పీ తరువాత భారత వైమానికదళ అధిపతి అయ్యెను. టాటా 1932 అక్టోబరు 15వ తేదీన కరాచి నుండి బొంబాయికి టపాలతో విమానము నడిపి మన దేశపు క్రమబద్ధమైన విమానయానమునకు నాంది పలికెను. ఆ టపాను బొంబాయి నుండి బళ్ళారి మీదుగ మద్రాసునకు చేర్చినవాడు అతని సహచరుడు నెవిల్ విన్సెంట్.

1934: మహాపందెము

ఈ పందెములన్నింటిలోను పెద్దది 1934లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నునకు జరిగినది. నగరము శతవార్షికోత్సవ సందర్భమున అచటి మిఠాయి, చాకొలెట్ల తయారీదారుడగు సర్ మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ దీనికి 15,000 పౌనులు ఇచ్చెను. మొదటి బహుమానము 10,000 పౌనులు, ఒక బంగారు పాత్ర. మార్గము సుమారు 11,300 మైళ్ళు, అనగా 18,000 కిలోమీటర్లకు పైగా. బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు, డార్విను, చార్లెవిల్ – ఈ ఐదు చోట్ల తప్పక దిగవలెను. మధ్యలో పెట్రోలు నింపుకొనుటకు మరికొన్ని తావులు ముందుగానే ఏర్పాటు చేయబడెను. వేగమునకు వేరుగ, ఇంజను శక్తి, రెక్కల వైశాల్యము, మోయు బరువు మొదలగువానిని లెక్కకట్టి ఇచ్చు వేరొక బహుమానముకూడ ఉండెను.

ఈ పందెము కొరకే ఇంగ్లండులోని డి హావిలాండ్ కంపెనీవారు 'కామెట్' అను కొత్త విమానమును నిర్మించిరి. ఒక్కొక్కటి 5,000 పౌనుల చొప్పున మూడింటిని అమ్మిరి. అందలి శాస్త్ర విషయమును కొంత వివరింపవలెను. విమానము వేగము రెట్టింపైనచో గాలి కలిగించు ఆటంకము నాలుగు రెట్లగును. ఆ వేగమున నడుపుటకు కావలసిన ఇంజను శక్తి ఎనిమిది రెట్లగును. కనుక ఇంజనును పెంచుకొనుచు పోవుటకన్న గాలికి తగులు అడ్డులను తగ్గించుట మేలు. కామెట్ రెక్కలు పలుచనివి. పైకి తీగలు, కట్టులు కనబడవు. పలుచని చెక్కపట్టీలను ఏటవాలుగా ఒకదానిపై నొకటి అతికి చేసిన పైపొరయే బరువును మోయును. ఎగిరిన తరువాత చక్రములను చేతితో త్రిప్పి లోనికి ముడువవచ్చును. వైమానికుల ముందు శరీరభాగమంతయు పెట్రోలు ట్యాంకులే.

ప్రొపెల్లరు సంగతి మరింత చమత్కారమైనది. ఎద్దులబండి మెరక ఎక్కునపుడు ఒక విధముగను, చదునున పోవునపుడు మరియొక విధముగను ఎద్దులను తోలుదుము గదా! అట్లే విమానము లేచునపుడు ప్రొపెల్లరు ఆకులు తక్కువ వాలుగను, వేగముగ పోవునపుడు ఎక్కువ వాలుగను ఉండుట మంచిది. కామెట్ నేలమీద నున్నపుడు సైకిలు పంపుతో గాలి కొట్టి ఆకులను తక్కువ వాలులో నిలిపెడివారు. విమానము పైకి లేచి వేగము అందుకొనగనే ఎదురుగాలి ఒత్తిడి ఒక బిళ్ళను నొక్కి ఆ గాలిని వదలివేయును. ఆకులు ఎక్కువ వాలునకు మారును. మరల దిగువరకు మార్చుటకు వీలులేదు.

అక్టోబరు 20వ తేదీ తెల్లవారుజామున మిల్డెన్‌హాల్ విమానాశ్రయము నుండి 20 విమానములు ఒకదాని వెంట నొకటి లేచినవి. జిమ్ మాలిసన్, ఏమీ మాలిసన్ దంపతులు నల్లని కామెట్ పై ఎక్కడను దిగక బాగ్దాదు చేరి, అందరికన్న ముందు నిలిచిరి. కరాచికి కూడ వారే ముందు. కాని అచటినుండి అలహాబాదునకు పోవుచు దారితప్పి జబల్పూరులో దిగిరి. అచట విమానములకు తగిన పెట్రోలు లేదు; మోటారు బండ్లకు వాడు పెట్రోలునే నింపుకొనవలసి వచ్చెను. పందెపు ఇంజనులో పెట్రోలు ఆవిరి చాల గట్టిగ అదుమబడును. నాసిరకపు పెట్రోలు అట్టి ఒత్తిడికి ఆగక, మండవలసిన క్షణమునకు ముందే, ఒక్కసారిగా పేలినట్లు మండును. ఆ దెబ్బలకు పిస్టను పాడగును. మాలిసన్ దంపతుల ఇంజనుకు జరిగినదదియే. ఎట్లో అలహాబాదు చేరిరి గాని వారి పందెము అంతటితో ముగిసెను. లోకములో అప్పటికి అత్యుత్తమమైన విమానములలో నొకటి ఒక ట్యాంకు పెట్రోలు వలన ఓడిపోయినది.

అలహాబాదు బమ్రౌలీ మైదానము డచ్చివారి 'పాండర్' విమానమునకును గండమైనది. దిగునపుడు చక్రముల అమరిక దెబ్బతినగా బాగుచేసికొని రాత్రివేళ మరల లేచుచు, మైదానములో దీపముతో నున్న ఒక వాహనమును ఢీకొని కాలిపోయెను. అందున్నవారు ప్రాణములతో బయటపడిరి. గిల్మన్, బెయిన్స్ అనువారు మాత్రము ఇటలీలో విమానము కూలి మరణించిరి.

గెలిచినవారు ఎర్రని కామెట్ పై వచ్చిన స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్. వారి ప్రయాణము కూడ సులువుగ సాగలేదు. తైమూరు సముద్రముపై ఒక ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోవుటచే దానిని దాదాపుగా నిలిపి, రెండవదాని బలముతో డార్విను చేరిరి. 1919లో స్మిత్ సోదరులకు డార్విను చేర 28 దినములు పట్టినది. వీరికి రెండు దినములపై కొన్ని గంటలు మాత్రమే పట్టినది. అక్టోబరు 23వ తేదీన మెల్‌బోర్ను చేరునప్పటికి గడచినకాలము సుమారు 71 గంటలు. దిగిన, నిలిచిన కాలమును కూడ కలిపి సగటు వేగము గంటకు 159 మైళ్ళు. పదునైదేండ్ల క్రిందటి 17 మైళ్ళతో దీనిని పోల్చి చూడుడు.

ఆల్బరీ దీపములు

రెండవదిగా వచ్చిన విమానము కథ మొదటిదానికన్న ముఖ్యమైనది. అది పందెము కొరకు చేసినది కాదు. డచ్చి కంపెనీయగు కె. ఎల్. ఎమ్. వారి ప్రయాణీకుల విమానము. అమెరికాలో చేసిన డగ్లస్ డి.సి.-2, పేరు 'ఊవర్'. నలుగురు సిబ్బంది, ముగ్గురు ప్రయాణీకులు, వేలకొలది ఉత్తరములతో అది బయలుదేరెను. కెప్టెన్ పార్మెంటియర్ తమ కంపెనీ విమానములు బటేవియాకు నిత్యము పోవుచువచ్చుచున్న మార్గమునే పట్టి, అలవాటైన తావుల దిగుచు, తొందరపడక సాగెను.

గమ్యము మరికొన్ని గంటల దూరముననుండగా, అక్టోబరు 23వ తేదీ రాత్రి ఉరుములు మెరుపులతో తుపాను ముంచుకొనివచ్చెను. దారితప్పిన విమానము ఆల్బరీ అను చిన్న పట్టణముపై తిరుగుచుండెను. ఆ శబ్దము విన్న పట్టణవాసులు ఊరకుండలేదు. విద్యుచ్ఛాఖవారు వీధిదీపములనన్నింటిని ఒక్కసారి ఆర్పుచు వెలిగించుచు తమ ఊరి పేరును తంతిసంకేతములలో ఆకాశమునకు తెలిపిరి. కార్లు గలవారందరును గుఱ్ఱపుపందెముల మైదానమునకు రావలెనని రేడియో ప్రకటనకర్త కోరెను. కార్లు వరుసగా నిలిచి ముందుదీపములతో మైదానమును వెలిగించినవి. అర్ధరాత్రి దాటిన తరువాత ఆ వెలుగులో ఊవర్ క్షేమముగ దిగెను. మరునాటి ఉదయము బురదలో కూరుకొనిన విమానమును ఊరివారు త్రాళ్ళుకట్టి లాగిరి. బరువు తగ్గించుటకు ప్రయాణీకులను, కొన్ని సామానులను అచటనే దింపి విమానము లేచి, మెల్‌బోర్ను చేరెను. మొత్తము కాలము 90 గంటల 13 నిమిషములు. లెక్కకట్టి ఇచ్చు బహుమానము దానికే దక్కెను. 1910లో ఒక వైమానికునకు దారి చూపిన కారుదీపములే 1934లో ఏడుగురి ప్రాణములు కాపాడినవి. విమానములు ఎంత మారినను రాత్రివేళ నేల యింకను సిద్ధము కాలేదనుటకు ఇదియే సాక్ష్యము.

మూడవదిగా సుమారు 93 గంటలలో వచ్చినదియు బోయింగ్ 247 అను ప్రయాణీకుల విమానమే. ఇద్దరు మాత్రమే ఇరుకుగా కూర్చుండు పందెపు విమానముకన్న, కుర్చీలతో, మూటలతో వచ్చిన విమానము 19 గంటలు మాత్రమే వెనుకబడినది. ప్రజల చప్పట్లు మొదటి విమానమునకు. విమాన కంపెనీల దృష్టి మాత్రము రెండవ, మూడవ విమానములపైకి పోయినది. లోహపు శరీరము, ముడుచుకొను చక్రములు, రెండు శక్తివంతమైన ఇంజనులు, రేడియో, తెలిసిన మార్గము – ఇవి కలిసినచో ఖండాంతర ప్రయాణము సాహసము కాదు, సేవ యని తేలినది.

బయలుదేరిన 20 విమానములలో గడువులోపల గమ్యము చేరినవి సగముకూడ లేవు. ఒంటరిగా వచ్చిన యువకుడు మెల్‌రోజ్ అట్లు చేరినవారిలో నొకడు. 1919లో 206 దినములు పట్టిన పారర్ ఈసారికూడ పాల్గొని, పందెము ముగిసిన ఎంతో కాలమునకు, 1935 ఫిబ్రవరిలో, మెల్‌బోర్నులో దిగెను.

మిగిలినది ఏమి?

ఊవర్ విమానమునకు పట్టిన గతి విచారకరమైనది. రెండు నెలలు తిరుగకముందే, 1934 డిసెంబరు 20వ తేదీన, క్రిస్టమసు టపాతో పోవుచు ఇరాకు ఎడారిలో రుత్‌బా సమీపమున తుపానులో కూలిపోయెను. అందున్న ఏడుగురును మరణించిరి. అచట ఆల్బరీ వంటి పట్టణము లేదు, దీపములు లేవు. పందెము గెలిచినంత మాత్రమున మార్గము సిద్ధమైనట్లు కాదు. అడుగడుగున వాతావరణ సమాచారము, రేడియో మార్గదర్శకములు, దీపములతో కూడిన మైదానములు ఏర్పడిననాడే సామాన్యుడు నిర్భయముగ విమానమెక్కగలుగును. తరువాతి కాలములో ప్రభుత్వములు, కంపెనీలు కోట్లు వ్యయముచేసి సమకూర్చినవి ఇవియే.

కామెట్ విమానమును ఇంగ్లండులో భద్రపరచి, బాగుచేసి, 1987లో మరల ఎగురవేసిరి. చెక్కతో వేగవిమానము చేయుటలో దానివలన కలిగిన అనుభవము రెండవ ప్రపంచయుద్ధకాలపు మస్కీటో విమానమునకు ఉపయోగపడినది. ఇక డి.సి.-2ను పెద్దదిగ చేయగా ఏర్పడిన డి.సి.-3 విమానము 1935 డిసెంబరు 17వ తేదీన తొలిసారి ఎగిరెను. దానినే మనవారు 'డకోటా' యనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట హైదరాబాదులో బేగంపేట కేంద్రముగ నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ విమానములు ఈ డకోటాలే. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైనది. బేగంపేటలో టిక్కెట్టు కొని, సామాను తూచి ఇచ్చి, నిశ్చింతగా డకోటా ఎక్కిన తెలుగు ప్రయాణీకునకు తాను ఎక్కుచున్నది ఆల్బరీ బురదనుండి లాగబడిన విమానపు తమ్ముని యని తెలియకపోవచ్చును.

బంగారు పాత్రపై వైమానికుల పేర్లు చెక్కబడినవి. అది న్యాయమే; వారు ప్రాణములకు తెగించినవారు. కాని సురబాయలో తమ యింటి తడికలు తెచ్చి పరచినవారి పేర్లు, ఆల్బరీలో అర్ధరాత్రి కారు తెచ్చి నిలిపినవారి పేర్లు ఏ పాత్రపైనను లేవు. విమానయానము ఒక్క వీరుని విద్య కాదు. ఎగురువాని నైపుణ్యమునకు నేలపై నిలిచిన అనేకుల జాగరూకత తోడైనపుడే అది శాస్త్రమగును, మానవులకు ఉపయోగకరమగును. దూరవిమాన పందెములు మనకు నేర్పిన ముఖ్యమైన పాఠము ఇదియే.